‘క్రైమ్’ని టర్కిష్‌లో ఏమనాలి? ఇంగ్లీషు–టర్కిష్ మధ్య నేరానికి సంబంధించిన మాటలను అనువదించే పద్ధతి

నిఘంటువులో ఇంగ్లీషు ‘క్రైమ్’ వెతికితే టర్కిష్‌లో ముందు కనబడే మాట ‘సుచ్’. మన నేరం అన్నమాట. ఆ ఒక్క జంటను బట్టీ పట్టి అనువాదం మొదలుపెడితే మొదటి పేజీలోనే చిక్కు వస్తుంది. చేయి జారి గ్లాసు పగిలినా ఇస్తాంబుల్‌లో ‘సుచ్ బెన్దె’ అంటారు. దానికి అర్థం ‘నేను నేరం చేశాను’ అని కాదు, ‘తప్పు నాదే’ అని. కోర్టు తీర్పులోనూ అదే సుచ్ ఉంటుంది, అక్కడ అది చట్టం శిక్ష వేసే నేరం. మాట ఒకటే అయినా బరువు వేరు.

టర్కిష్ నేర్చుకుంటున్నవాళ్ళ కోసం, టర్కీ వార్తల్నీ కాగితాల్నీ ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంకా విచారణే మొదలవని మనిషిని దోషిగా రాసేసిన అనువాదాలు చాలా చూశాను. ఒక్క మాట తేడాతో మనిషి పరువు పోతుంది. అందుకే ప్రతి అడుగూ కొంచెం నిదానంగా చెబుతాను.

ముందుగా ఒక సంగతి. ఇక్కడ టర్కిష్ మాటల్ని తెలుగు లిపిలోనే రాశాను కాబట్టి కొన్ని శబ్దాలు దగ్గరగా మాత్రమే వస్తాయి. ‘జెజా’ అని రాసినప్పుడు మొదటి జ మన ‘జెండా’లోది, రెండోది ‘జూ పార్కు’లోది.

మొదటి అడుగు: అక్షరం తప్పకుండా రాయడం

టర్కీ 1928లో అరబిక్ లిపిని వదిలి లాటిన్ లిపికి మారింది. ఇప్పుడు 29 అక్షరాలు. చూడ్డానికి ఇంగ్లీషులాగే ఉంటాయి కాబట్టి మనం నిర్లక్ష్యం చేస్తాం. సుచ్ చివర ఉండేది కింద తోక ఉన్న సి. దాన్ని ‘చ’ అని పలకాలి. తోక లేని సి అయితే ‘జ’. ఫోనులో తోక పెట్టడం బద్ధకమై వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ‘సుచు’ అంటే ‘అతని నేరం’. తోక తీసేస్తే అది ‘సుజు’ అవుతుంది, అంటే నీళ్ళు అమ్మేవాడు. ‘సు’ అంటే నీళ్ళు.

ఇంకో మెలిక కూడా ఉంది. టర్కిష్‌లో చివర ‘చ్’ ఉన్న మాటకు అచ్చు చేరితే చాలాసార్లు అది ‘జ’గా మెత్తబడుతుంది. బలం అనే అర్థమున్న ‘గుచ్’కి అచ్చు చేరితే ‘గుజు’ అవుతుంది. సుచ్ మాత్రం అలా మెత్తబడదు, ‘సుచు’గానే ఉంటుంది. వ్యాకరణం కొంచెం వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు, ఎందుకంటే నియమం గుర్తుండి మినహాయింపు మర్చిపోతారు.

రెండో అడుగు: ఆ మాట ఎవరి నోట వస్తోందో చూడటం

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. వాక్యాన్ని అనువదించే ముందు, అది ఇంట్లో అన్న మాటా, పత్రిక రాసిన మాటా, కోర్టు కాగితంలో మాటా అని అడగండి.

ఇంట్లో సుచ్ అంటే తప్పు. ‘బెనిమ్ సుచుమ్ యొక్’ అని ఒక పిల్లాడు అంటే ‘నా తప్పేం లేదు’ అని. ఇంగ్లీషులో ‘ఇట్స్ నాట్ మై ఫాల్ట్’ అని రాయాలి. అక్కడ క్రైమ్ అని రాస్తే పిల్లాడిని బోనెక్కించినట్టే. అదే మాట కోర్టులో నిందితుడి నోట వస్తే ‘నేను నిర్దోషిని’ అన్న అర్థం వైపు జరుగుతుంది.

ఇంగ్లీషు క్రైమ్‌కి కూడా చట్టం బయట ఒక జీవితం ఉంది. ఆ మాటకు మూలమైన లాటిన్ మాట ‘క్రిమెన్’కు మొదట్లో ఆరోపణ అనే అర్థం ఉండేది. ఇవాళ ఇంగ్లీషువాళ్ళు మంచి తిండి పారేస్తే ‘ఇట్స్ ఎ క్రైమ్’ అంటారు. దీన్ని టర్కిష్‌లో సుచ్ అని పెడితే తిండి పారేయడానికి జైలుశిక్ష ఉందేమో అనిపిస్తుంది. అక్కడ సరైన మాట ‘గునాహ్’, అంటే పాపం. టర్కీలో రొట్టె ముక్క నేల మీద పడితే తీసి ముద్దు పెట్టుకుని, కాలు తగలని ఎత్తు చోట పెట్టే అలవాటు ఉంది. అన్నం పరబ్రహ్మం అని పెరిగిన మనకు ఆ గునాహ్ వెంటనే అర్థమవుతుంది.

ఇంకా నచ్చిన సంగతి ఏమిటంటే, మనం ‘అయ్యో పాపం’ అని జాలిపడినట్టే వాళ్ళు ‘యజిక్, గునాహ్’ అని జాలిపడతారు. ఇంగ్లీషు ‘సిన్’కి ఆ జాలి లేదు. కాబట్టి టర్కిష్ నుంచి ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు గునాహ్ కనబడగానే సిన్ అనకండి. ఎవరి మీదైనా జాలితో అన్నదైతే ‘పూర్ థింగ్’ అనడమే నిజమైన అనువాదం.

మూడో అడుగు: సుచ్ కుటుంబాన్ని ఒకేసారి నేర్చుకోవడం

మాట చివర ప్రత్యయాలు అతుక్కుంటూ పోవడం మనకు కొత్త కాదు. ‘ఇంటికి’ అని ‘కి’, ‘అన్నకు’ అని ‘కు’ పెట్టడం మనకు ఎవరూ నేర్పలేదు, ముందున్న అచ్చును బట్టి వచ్చేస్తుంది. టర్కిష్‌లో ప్రత్యయాల అచ్చులు చాలావరకు ఆ పద్ధతిలోనే మారతాయి.

సుచ్‌కి ‘లు’ చేరితే సుచ్లు, అంటే నేరం ఉన్నవాడు. ‘సుజ్’ చేరితే సుచ్సుజ్, అంటే నేరం లేనివాడు, నిర్దోషి. సుచ్లమక్ అంటే నిందించడం, ఆరోపించడం. సుచ్లమా అంటే ఆరోపణ. సుచ్లులుక్ అంటే దోషిగా ఉండే స్థితి. మనసులో తొలిచే అపరాధ భావనను సుచ్లులుక్ దుయ్‌గుసు అంటారు. చేస్తుండగా పట్టుబడితే ‘సుచుస్తు’, అక్షరాలా ‘నేరం పైన’ అని. మనం రెడ్ హ్యాండెడ్‌గా దొరికాడు అంటామే, అది. నేరంలో తోడున్నవాడు సుచ్ ఒర్తాయి, నేరానికి భాగస్వామి.

వీటిలో జాగ్రత్త పడాల్సింది సుచ్లుతో. ఇంగ్లీషులో ‘గిల్టీ’, ‘క్రిమినల్’ అనే రెండు మాటలకూ టర్కిష్‌లో అదే మాట. టర్కీ రాజ్యాంగం 38వ అధికరణంలో, తీర్పుతో రుజువయ్యేదాకా ఎవరినీ సుచ్లుగా పరిగణించరాదని ఉంది. ఇక్కడ అది గిల్టీ, దోషి. వీధిలో ఎవరో ఒకణ్ణి చూపించి ‘ఆ సుచ్లు’ అంటే క్రిమినల్. ఇంట్లో ‘సుచ్లు బెనిమ్’ అంటే ‘తప్పు నాదే’. మూడు చోట్ల ఇంగ్లీషు మూడు రకాలుగా మారాలి.

క్రియ దగ్గర తెలుగువాళ్ళం సులభంగా పొరపాటు పడతాం. మనకు నేరమైనా, పాపమైనా, హత్యైనా ‘చేయడమే’. టర్కిష్‌లో మామూలుగా చేయడానికి ‘యప్‌మక్’ అంటారు కాబట్టి నేను కూడా మొదట్లో ‘సుచ్ యప్‌మక్’ అని రాసేవాణ్ణి. అది తప్పు. నేరానికి, పాపానికి, హత్యకు ‘ఇష్లెమెక్’ అనే వేరే క్రియ ఉంది: సుచ్ ఇష్లెమెక్, గునాహ్ ఇష్లెమెక్, జినాయెత్ ఇష్లెమెక్. బట్ట మీద కుట్టుపని చేయడానికి కూడా ఇదే క్రియ వాడతారు. నేరం, పాపం, హత్య అన్న మాటలతో ఇంగ్లీషు ‘కమిట్’ వచ్చే చోట ఇది వస్తుందని గుర్తుపెట్టుకోండి.

నాలుగో అడుగు: చట్టం గీసిన గీతలు

టర్కీ పాత శిక్షాస్మృతి 1926లో వచ్చింది, ఇటలీ 1889 నాటి స్మృతిని ఆధారం చేసుకుని రాశారు. అందులో నేరాలు రెండు రకాలు: పెద్దవి జురుమ్, చిన్నవి కబాహత్. అందుకే పాత నిఘంటువులు అమెరికన్ ‘ఫెలొనీ’కి జురుమ్ అని, ‘మిస్‌డిమీనర్’కి కబాహత్ అని ఇస్తాయి. 2004లో ఆమోదం పొంది 2005 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 5237 నంబరు చట్టం ఈ విభజనను తీసేసింది. ఇప్పుడు శిక్షాస్మృతిలో ఉన్నదల్లా సుచ్. కబాహత్‌లకు 5326 నంబరుతో విడిగా ఒక చట్టం ఉంది. బిచ్చమెత్తడం, తాగి అల్లరి చేయడం, చుట్టుపక్కలవాళ్ళకు నిద్ర లేకుండా గోల చేయడం, చెత్త పారేయడం వంటివి అందులోకి వస్తాయి. వాటికి సాధారణంగా జరిమానా పడుతుంది, అది నేర చరిత్రలోకి ఎక్కదు.

కాబట్టి ఇవాళ్టి టర్కిష్ కాగితంలో కబాహత్ అని ఉంటే ఇంగ్లీషులో క్రైమ్ అని గానీ మిస్‌డిమీనర్ అని గానీ రాయకండి. ‘అడ్మినిస్ట్రేటివ్ అఫెన్స్’ అనడం న్యాయం. అమెరికన్ కాగితంలో ఫెలొనీ ఉంటే టర్కిష్‌లో ‘ఆయిర్ సుచ్’, అంటే తీవ్రమైన నేరం అని రాసి, అవసరమైతే అమెరికా చట్టంలో అది ఏమిటో ఒక వాక్యం చేర్చండి.

మాటల్లో మాత్రం కబాహత్ ఇంకా ‘తప్పు’ అనే అర్థంలో హాయిగా బతుకుతోంది. తప్పు కంటే సాకే పెద్దది అని వాళ్ళకో సామెత, ‘ఒజ్రు కబాహతిన్దెన్ బుయుక్’. తప్పే గనక ఖరీదైన బొచ్చు కోటు అయినా దాన్ని ఎవరూ భుజాన వేసుకోరని ఇంకొకటి.

ఇక్కడే ‘జినాయెత్’ గురించి చెప్పాలి. అరబిక్‌లో దీని మూలమైన మాటకు ఘోర నేరం అని విస్తృతమైన అర్థం. టర్కిష్ వాడుకలో అది హత్యకు కుదించుకుపోయింది. పైగా చట్టం ఆ మాటను వాడదు, 81వ సెక్షనులో ‘కస్తెన్ ఒల్దుర్మె’, ఉద్దేశపూర్వకంగా చంపడం అని ఉంటుంది. అజాగ్రత్త వల్ల ప్రాణం పోతే 85వ సెక్షను, ‘తక్సిర్లె ఒల్దుర్మె’. పత్రికలో జినాయెత్, తీర్పులో కస్తెన్ ఒల్దుర్మె. రెండిటికీ ఇంగ్లీషులో మర్డర్ అనవచ్చు గానీ తిరుగు ప్రయాణంలో మర్డర్‌ని కోర్టు కాగితంలో జినాయెత్ అని రాస్తే ఆ కాగితం పత్రిక వార్తలా ఉంటుంది.

అయిదో అడుగు: విశేషణం ‘క్రిమినల్’ దగ్గర ఆగడం

ఇంగ్లీషులో క్రిమినల్ లా, క్రిమినల్ కోర్టు, క్రిమినల్ లాయర్ అన్నిటికీ ఒకే విశేషణం. టర్కిష్‌లో ఇక్కడ సుచ్ పనికిరాదు. శిక్ష అనే అర్థమున్న ‘జెజా’ పెట్టాలి: జెజా హుకుకు, జెజా మహ్‌కెమెసి, జెజా అవుకతి. చట్టాన్ని వాళ్ళు నేరం వైపు నుంచి కాక శిక్ష వైపు నుంచి పిలుస్తారన్నమాట. క్రిమినల్ లాయర్‌ని ‘సుచ్లు అవుకత్’ అన్నారంటే దోషి అయిన లాయర్ అని అర్థం.

జెజాకి కోర్టు బయట కూడా పనుంది. ట్రాఫిక్ చలానా కూడా జెజాయే, ఫుట్‌బాల్‌లో పెనాల్టీ ఏరియా ‘జెజా సహాసి’.

టర్కిష్‌లో ‘క్రిమినల్’ అనే మాట ఉంది, కానీ ఎక్కువగా నేర పరిశోధనకు సంబంధించినది అనే అర్థంలో. పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబును క్రిమినల్ ల్యాబు అంటారు. అలాగే ‘క్రైమ్ సీన్’ని సుచ్‌తో కట్టకుండా ఎక్కువగా ‘ఒలాయ్ యెరి’, ఘటన జరిగిన చోటు అంటారు. మన పత్రికలు ‘ఘటనా స్థలం’ అన్నట్టే. క్రైమ్ నవల ‘పొలిసియె’. క్రైమ్ రేటు మాత్రం నేరుగా సుచ్ ఒరాని.

ఆరో అడుగు: మనిషి ఏ దశలో ఉన్నాడో తేల్చుకోవడం

ఇక్కడ ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. టర్కీ క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 5271 నంబరుది, ఒక్కో దశకు ఒక్కో పేరు పెట్టింది. దర్యాప్తు నడుస్తున్నంతకాలం అతను ‘షుప్హెలి’, అనుమానితుడు. అభియోగ పత్రాన్ని కోర్టు స్వీకరించాక ‘సానిక్’, నిందితుడు. శిక్ష ఖరారయ్యాక ‘హుకుమ్లు’. ఈ మాటలో మనకు తెలిసిన హుకుం ఉంది, తన మీద తీర్పు పడినవాడు అని. ఇంగ్లీషులో వరసగా సస్పెక్ట్, డిఫెండెంట్, కన్విక్ట్. ఈ మూడిట్లో దేన్నీ క్రిమినల్ అని రాయకూడదు.

అసలు ప్రమాదం ‘అరెస్ట్’ దగ్గర ఉంది. ఇంగ్లీషు వార్తలో ‘పోలీస్ అరెస్టెడ్’ అని కనబడగానే నిఘంటువు చూపించే ‘తుతుక్లామక్’ పెట్టేస్తారు. తుతుక్లమా పోలీసులు చేసేది కాదు, జడ్జి ఆదేశంతో జైలుకు పంపడం. మన పత్రికల భాషలో రిమాండ్. పోలీసులు పట్టుకోవడం యకలమా, తమ దగ్గర ఉంచుకోవడం ‘గొజల్తి’, మాటకు మాట కంటి కింద. మామూలు కేసుల్లో గొజల్తి 24 గంటలు దాటకూడదు, దగ్గర్లోని జడ్జి దగ్గరికి తీసుకెళ్ళే ప్రయాణ సమయం ఈ లెక్కలోకి రాదు. మన రాజ్యాంగం 22వ అధికరణం కూడా ప్రయాణ సమయం కాకుండా 24 గంటలే అంటుంది కాబట్టి ఈ తేడా మనకు పట్టుబడటం తేలిక. పోలీసులు అదుపులోకి తీసుకుంటే గొజల్తి, రిమాండ్‌కు తరలిస్తే తుతుక్లమా. ఇంగ్లీషుకి వెళ్ళేటప్పుడు మొదటిది ‘డిటెయిన్డ్’, రెండోది ‘రిమాండెడ్ ఇన్ కస్టడీ’.

హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ళకు ఇంకో ఉచ్చు ఉంది. ‘వెకిల్’ కనబడగానే మన వకీలు అనుకుంటాం. టర్కిష్‌లో లాయరుకు మామూలు మాట అవుకత్. వెకిల్ అంటే ఒకరి తరఫున నిలబడేవాడు, అందుకే పార్లమెంటు సభ్యుణ్ణి ‘మిల్లెత్‌వెకిలి’ అంటారు. క్రిమినల్ కేసు కాగితాల్లో వెకిల్ సాధారణంగా బాధితుడి తరఫు లాయరు. నిందితుడి తరఫు లాయరు ‘ముదాఫి’. ఈ రెండూ తారుమారైతే ఎవరు ఎవరి వైపు వాదించారో తలకిందులవుతుంది.

ఇంగ్లీషు వచ్చినవాళ్ళను మోసం చేసేది ‘ఫాయిల్’. కాగితం మీద అచ్చం ఇంగ్లీషు ‘ఫెయిల్’ అక్షరాలే ఉంటాయి, అర్థం మాత్రం నేరం చేసినవాడు. ‘ఫాయిలి మెచ్హుల్’ అంటే చేసినవాడెవరో తెలియని నేరం. 1990లలో టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో జరిగి తేలకుండా మిగిలిన హత్యల వల్ల ఆ మాటకు చాలా బాధ అంటుకుని ఉంది. దాన్ని ‘అన్‌సాల్వ్డ్ కేస్’ అని తేలిగ్గా రాసేస్తే ఆ చరిత్ర కనబడకుండా పోతుంది. సందర్భం అదైతే ‘అన్‌సాల్వ్డ్ కిల్లింగ్’ అనండి.

ఏడో అడుగు: నేరాల పేర్లు

దొంగతనం హిర్సిజ్లిక్, సెక్షను 141. బలవంతంగా, బెదిరించి లాక్కుంటే చట్టంలో ‘యామా’, సెక్షను 148. వాడుకలో దీన్నే బ్యాంకులో జరిగితే సొయ్‌గున్ అంటారు, దారిలో మనిషి మీద జరిగితే గస్ప్ అంటారు. మెడలో గొలుసు తెంపుకుపోవడం లాంటిదానికి ‘కప్‌కచ్’ అని చక్కటి మాట ఉంది: కప్ అంటే లాక్కో, కచ్ అంటే పారిపో. మోసం దొలందిరిజిలిక్. నమ్మి అప్పగించినది కాజేస్తే ‘గువెని కొతుయె కుల్లన్‌మా’, నమ్మకాన్ని చెడుగా వాడటం. మన నమ్మకద్రోహానికి ఇది ఎంత దగ్గరో చూడండి. ఇంగ్లీషులో ‘బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్’.

‘సుచ్ దుయురుసు’ కనబడితే ఆగండి. దుయురు అంటే ప్రకటన కాబట్టి నేర ప్రకటన అని రాయాలనిపిస్తుంది. నిజానికి అది ప్రాసిక్యూటర్‌కి ఇచ్చే ఫిర్యాదు, ‘క్రిమినల్ కంప్లయింట్’.

ఎనిమిదో అడుగు: ‘అట’ని వదలకుండా తేవడం

టర్కిష్ భూతకాలం రెండు రకాలు. ‘ఇష్లెది’ అంటే చేశాడు, నాకు తెలుసు. ‘ఇష్లెమిష్’ అంటే చేశాడట. మన ‘అట’ ఏ పని చేస్తుందో ఆ ‘మిష్’ అదే పని చేస్తుంది. ఇంగ్లీషుకి ఇలాంటి ప్రత్యయం లేదు కాబట్టి ‘రిపోర్టెడ్లీ’, ‘అలెజెడ్లీ’ అని విడిగా చేర్చాలి. చేర్చకపోతే పుకారు కాస్తా నిజమైపోతుంది. తిరుగు దారిలో ఇంగ్లీషు అలెజెడ్లీకి పత్రికలు ‘ఇద్దియాయా గొరె’, ఆరోపణ ప్రకారం అని రాస్తాయి.

టర్కిష్ సర్వనామం ‘ఒ’కి ఆడా మగా తేడా లేదు. షుప్హెలి అన్న మాటలోనూ లేదు. ఇంగ్లీషులో ‘హీ’ అని అలవాటుగా రాసేయకుండా, వార్తలో ఇంకెక్కడైనా ఆధారం ఉందేమో చూడండి. లేకపోతే ‘ద సస్పెక్ట్’ అనే మాటనే మళ్ళీ వాడండి.

తొమ్మిదో అడుగు: ఒక వార్త మీద చేయి పెట్టడం

టర్కీ పత్రికల్లో ఈ ధోరణి వాక్యాలు తరచూ కనబడతాయి: ‘ఒలాయ్ యెరిన్దెన్ కచాన్ షుప్హెలి సుచును ఇతిరాఫ్ ఎత్తి. చికరిల్దియి మహ్‌కెమెజె తుతుక్లండి.’

తొందరలో చేసే అనువాదం ఇలా వస్తుంది: నేర స్థలం నుంచి పారిపోయిన నేరస్థుడు తన నేరం ఒప్పుకున్నాడు, కోర్టు అతన్ని అరెస్టు చేసింది. ఇప్పుడు మనం దాటిన అడుగుల్ని గుర్తుచేసుకోండి. ఒలాయ్ యెరి ఘటనా స్థలం. షుప్హెలి అనుమానితుడో అనుమానితురాలో తెలియదు. మహ్‌కెమె, అంటే కోర్టు, చేసింది రిమాండ్. ఇంగ్లీషులో ‘ద సస్పెక్ట్, హూ హ్యాడ్ ఫ్లెడ్ ద సీన్, కన్ఫెస్డ్ అండ్ వాజ్ రిమాండెడ్ ఇన్ కస్టడీ బై ద కోర్ట్’ అని వస్తుంది. చూడండి, క్రైమ్ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ‘సుచును ఇతిరాఫ్ ఎత్తి’లో ఉన్న సుచ్ ‘కన్ఫెస్డ్’లోనే కలిసిపోయింది.

ఇటు నుంచి అటు: ‘పోలీస్ అరెస్టెడ్ ఎ మ్యాన్ ఆన్ సస్పిషన్ ఆఫ్ రాబరీ.’ పత్రిక కోసమైతే గస్ప్, కోర్టు కాగితమైతే యామా. అరెస్టెడ్‌కి గొజల్తి. ‘పొలిస్, యామా షుప్హెసియ్లె బిర్ ఆదామి గొజల్తినా అల్ది.’ కర్త, కర్మ, చివర క్రియ, మన వాక్యం వరసే.

చివరగా, సర్టిఫికెట్ కాగితం

టర్కీలో చదువుకునో పని చేసో మరో దేశానికి వెళ్ళేవాళ్ళను అక్కడి నేర చరిత్ర పత్రం అడుగుతారు. వాడుకలో సాబికా కాయ్‌ది, అధికారికంగా అద్లి సిజిల్ కాయ్‌ది. ఏ కేసూ లేనివాళ్ళ కాగితంలో రెండు విషయాలు విడివిడిగా ఉంటాయి: అద్లి సిజిల్ రికార్డు లేదు, అద్లి సిజిల్ ఆర్కైవ్ రికార్డు లేదు. శిక్ష పూర్తయ్యాక మొదటి రిజిస్టరు నుంచి తీసేసిన వివరాలు రెండో దానిలోకి వెళ్తాయి. రెండూ ఒకటేలే అని ‘నో క్రిమినల్ రికార్డ్’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి, రెండిటినీ అనువదించండి. అధికారులకు ఇచ్చే కాగితమైతే సాధారణంగా సొంత అనువాదం చెల్లదు. టర్కీలో యెమిన్లి తెర్జుమాన్ అనే ప్రమాణం చేసిన అనువాదకుడితో చేయించి నోటరీ వేయించుకోవాలి. ఒక దేశపు అధికారిక కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకోవడానికి వేసే ముద్రను అపోస్టిల్ అంటారు. టర్కీ, భారత్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఆ ముద్ర కూడా అడుగుతారేమో ముందే కనుక్కోండి. అనువాదకుడు ఇచ్చిన ప్రతిని సంతకం పడకముందే చదవండి. మీ పేరు, తండ్రి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, షుప్హెలి, సానిక్, హుకుమ్లు అన్న మాటలు ఎక్కడైనా ఉంటే వాటికి సరైన ఇంగ్లీషు పడిందా అని వేలు పెట్టి మరీ చూసుకోండి.